64 కేబీ ర్యామ్‌లో స్మార్ట్‌వాచ్ ఎలా నడుస్తుంది? ప్రోగ్రామ్ సైజు తగ్గించే కిటుకులు, మన తెలుగు డబ్బాల లెక్క

ఫోన్ రివ్యూ అనగానే మనం మొదట చూసేది ర్యామ్. 8 జీబీ అంటే "ఓకే", 12 జీబీ అంటే "బాగుంది" అనే రోజులివి. కానీ అదే ఫోన్‌కి కనెక్ట్ చేసి చేతికి కట్టుకునే చవక వాచ్‌లో ర్యామ్ ఎంత ఉంటుందో ఎప్పుడైనా చూశారా? చాలాసార్లు బాక్స్ మీద రాయరు. రాస్తే కొంతమంది నమ్మరు కూడా. ఈ ఆర్టికల్‌లో నేను ఉదాహరణగా తీసుకుంటున్న వాచ్‌లో ర్యామ్ 64 కేబీ. జీబీ కాదు, ఎంబీ కూడా కాదు, కేబీ. 12 జీబీ ఫోన్‌తో పోలిస్తే దాదాపు 2 లక్షల రెట్లు తక్కువ.

అయినా అందులో టైమ్ కనిపిస్తుంది, స్టెప్స్ లెక్కపడతాయి, బ్లూటూత్ నడుస్తుంది, నోటిఫికేషన్లు వస్తాయి, చిన్న గేమ్స్ కూడా ఉంటాయి. ఎలా? దీని వెనకున్న పనితనం అర్థమైతే, నన్ను చాలామంది అడిగే ఇంకో ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది: "బ్రో, నా బ్యాండ్‌లో తెలుగు మెసేజ్ వస్తే అక్షరాలకు బదులు డబ్బాలు ఎందుకు కనిపిస్తున్నాయి?" రెండూ ఒకే లెక్క. బైట్ల లెక్క.

అసలు ఉన్న చోటు ఎంత?

ఉదాహరణకు పైన్64 వాళ్ల పైన్‌టైమ్ వాచ్ తీసుకుందాం. ఎందుకు అదే అంటే, దాని స్పెసిఫికేషన్లు, సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్ అన్నీ ఓపెన్‌గా ఉన్నాయి. మిగతా బ్రాండ్ల లోపల ఏముందో మనం ఊహించాలి, ఇక్కడ ఆ అవసరం లేదు.

లోపల ఉన్న చిప్ నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52832. ఆర్మ్ కార్టెక్స్-ఎం4 ప్రాసెసర్, 64 మెగాహెర్ట్జ్ స్పీడ్. ర్యామ్ 64 కేబీ, చిప్‌లోనే ఉన్న ఫ్లాష్ 512 కేబీ. బయట విడిగా ఇంకో 4 ఎంబీ ఫ్లాష్ చిప్ ఉంటుంది. స్క్రీన్ 1.3 అంగుళాలు, 240×240 పిక్సెళ్లు.

ఇందులో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు ఇన్ఫినీటైమ్. దాని కింద ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, స్క్రీన్ మీద బొమ్మలు గీయడానికి ఎల్‌వీజీఎల్ అనే లైబ్రరీ, బ్లూటూత్ కోసం నింబుల్ అనే స్టాక్ ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో లాగా యాప్ ఇన్‌స్టాల్ చేయడం అనేది ఇక్కడ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్, డ్రైవర్లు, యాప్‌లు, ఫాంట్లు అన్నీ కలిపి ఒకే ఒక్క ఫైల్‌గా తయారై ఫ్లాష్‌లో కూర్చుంటాయి.

512 కేబీ మొత్తం మనదే అనుకోకండి. మొదటి 32 కేబీ బూట్‌లోడర్‌కు పోతుంది. చివర్లో కొంత, అప్‌డేట్ సమయంలో అవసరమయ్యే పని కోసం వదిలేయాలి. అసలు ఫర్మ్‌వేర్‌కు మిగిలేది 464 కేబీ. మీ ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటోకే ఇంతకన్నా ఎక్కువ చోటు పడుతుంది.

బయటి 4 ఎంబీ ఉంది కదా అనొచ్చు. కానీ ప్రాసెసర్ కోడ్‌ను లోపలి ఫ్లాష్ నుంచి నేరుగా చదివి నడుపుతుంది. బయటి చిప్ ఒక చిన్న ఎస్‌డీ కార్డు లాంటిది. అందులో డేటా దాచుకోవచ్చు, కొత్త అప్‌డేట్‌ను ముందు అక్కడ దించుకోవచ్చు. కోడ్ మాత్రం ఆ 464 కేబీలోనే సర్దుకోవాలి.

మొదటి నియమం: తగ్గించే ముందు కొలవాలి

బరువు తగ్గాలంటే ముందు కాటా ఎక్కాలి. ఇక్కడా అంతే. ప్రోగ్రామ్ కంపైల్ అయ్యాక "సైజ్" అనే చిన్న టూల్ నడిపితే మూడు అంకెలు వస్తాయి: టెక్స్ట్, డేటా, బీఎస్ఎస్. ఈ మూడూ అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

టెక్స్ట్ అంటే కోడ్, మారని డేటా. ఇది ఫ్లాష్‌లో మాత్రమే ఉంటుంది. బీఎస్ఎస్ అంటే సున్నాతో మొదలయ్యే వేరియబుల్స్. ఇవి ర్యామ్‌లో మాత్రమే ఉంటాయి. మధ్యలో ఉన్న డేటా మాత్రం రెండు చోట్లా తింటుంది. సున్నా కాని విలువతో మొదలయ్యే వేరియబుల్‌కు ఆ మొదటి విలువను ఫ్లాష్‌లో దాచాలి, ఆన్ అవగానే దాన్ని ర్యామ్‌లోకి కాపీ చేయాలి.

ఇక్కడే ఒక తేలికైన లాభం ఉంది. వారం పేర్లు, నెలల పేర్లు, ఐకాన్ల బొమ్మలు, లెక్కల పట్టికలు లాంటివి ఎప్పటికీ మారవు. వాటికి ముందు "కాన్‌స్ట్" అనే ఒక్క మాట చేరిస్తే కంపైలర్ వాటిని ఫ్లాష్‌లోనే ఉంచుతుంది, ర్యామ్ జోలికి రాదు. ఫోన్ యాప్‌లో ఈ మాట లేకపోయినా ఎవరికీ తేడా తెలియదు. 64 కేబీలో మాత్రం ఒక్కో మాట కొన్ని వందల బైట్లు మిగులుస్తుంది.

తర్వాత చూడాల్సింది మ్యాప్ ఫైల్. ఏ ఫంక్షన్ ఎన్ని బైట్లు, ఏ ఫాంట్ ఎన్ని బైట్లు అన్నీ లిస్టులా వస్తాయి. పెద్దవి పైన ఉండేలా సార్ట్ చేయండి. నాకు ఇందులో ఎప్పుడూ నచ్చే విషయం ఏంటంటే, మనం అనుమానించేది ఒకటి, లిస్టులో పైన ఉండేది ఇంకొకటి. రోజంతా కూర్చుని రాసిన కోడ్ 2 కేబీ ఉంటుంది. ఆలోచించకుండా చేర్చిన ఒక ఫాంట్ 40 కేబీ ఉంటుంది.

కంపైలర్‌తో చేయించే పని

కోడ్ ఒక్క లైన్ కూడా మార్చకుండా సైజు తగ్గించే మార్గాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఆప్టిమైజేషన్ ఆప్షన్. మామూలుగా "-ఓ2" పెడితే కంపైలర్ స్పీడ్ మీద దృష్టి పెడుతుంది. లూప్‌లను విప్పి రాస్తుంది, ఒకే ఫంక్షన్‌ను పది చోట్ల కాపీ చేస్తుంది. "-ఓఎస్" పెడితే సైజు మీద దృష్టి పెడుతుంది. ఇంకా గట్టిగా పిండే "-ఓజెడ్" అనేది క్లాంగ్ కంపైలర్‌లో ముందు నుంచీ ఉంది, జీసీసీలో 12వ వెర్షన్ నుంచి వచ్చింది.

రెండోది, వాడని కోడ్‌ను తీసేయడం. ఒక లైబ్రరీ ఫైల్‌లో 50 ఫంక్షన్లు ఉండి మీరు 3 మాత్రమే వాడారనుకోండి. మామూలుగా లింకర్ ఆ ఫైల్ మొత్తాన్ని లోపలికి లాగుతుంది. ఒక్కో ఫంక్షన్‌ను విడి సెక్షన్‌లో పెట్టమని కంపైలర్‌కు, ఎవరూ పిలవని సెక్షన్లను పారేయమని లింకర్‌కు చెప్పాలి. "ఫంక్షన్-సెక్షన్స్", "డేటా-సెక్షన్స్", "జీసీ-సెక్షన్స్" అనే ఆప్షన్లు ఈ పనికే ఉన్నాయి. పెళ్లికి వంటవాళ్లను పిలిచి, ఎవరూ అడగని వంటకాలు మెనూలోంచి కొట్టేసినట్టు.

మూడోది, లింక్ టైమ్ ఆప్టిమైజేషన్. మామూలుగా కంపైలర్ ఒక్కో ఫైల్‌ను విడిగా చూస్తుంది. ఇది ఆన్ చేస్తే ప్రోగ్రామ్ మొత్తాన్ని ఒకేసారి చూస్తుంది, కాబట్టి ఇంకా ఎక్కువ కత్తిరించగలదు. చిక్కు ఏంటంటే, తర్వాత బగ్ వెతకడం కొంచెం కష్టమవుతుంది.

నాలుగోది సీ++ వాడేవాళ్లకు. ఎక్సెప్షన్లు, ఆర్‌టీటీఐ అనే రెండు ఫీచర్లను ఆపేయడం. వీటిని మీరు వాడకపోయినా, ఆన్‌లో ఉంటే వాటి కోసం టేబుళ్లు, సపోర్ట్ కోడ్ వచ్చి చేరతాయి. చిన్న డివైస్‌లలో ఈ రెండూ ఆఫ్‌లో పెట్టడం మామూలే.

మనకు తెలియకుండా లోపలికి వచ్చే బరువు

ఇప్పుడు కొంచెం తమాషా భాగం. "ప్రింట్ఎఫ్" అందరికీ తెలుసు, సీ నేర్చుకునేటప్పుడు మొదటి రోజే వస్తుంది. కానీ పూర్తి ప్రింట్ఎఫ్ లోపల దశాంశాలు, వెడల్పులు, రకరకాల ఫార్మాట్లు అన్నింటికీ కోడ్ ఉంటుంది. మీకు కావాల్సింది "10:45" అని చూపించడం మాత్రమే. అందుకే ఆర్మ్ చిప్‌ల కోసం న్యూలిబ్-నానో అనే చిన్న లైబ్రరీ తయారు చేశారు. అందులో దశాంశాల సపోర్ట్ డిఫాల్ట్‌గా ఉండదు, కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

ఇంకొకటి చూడండి. కార్టెక్స్-ఎం4లో దశాంశ లెక్కలకు హార్డ్‌వేర్ ఉంది కానీ అది 32 బిట్ల "ఫ్లోట్"కు మాత్రమే. 64 బిట్ల "డబుల్" లెక్కలు సాఫ్ట్‌వేర్‌లో చేయాలి. సీ భాషలో మీరు 0.1 అని రాస్తే అది డబుల్. చివర ఎఫ్ అనే అక్షరం తగిలిస్తేనే ఫ్లోట్. ఆ ఒక్క అక్షరం లేకపోతే ఆ లెక్క కోసం డబుల్ కూడిక, గుణకారం ఫంక్షన్లు అన్నీ ఫర్మ్‌వేర్‌లోకి వస్తాయి. సైజూ పెరుగుతుంది, స్పీడూ తగ్గుతుంది, బ్యాటరీ కూడా తింటుంది.

చాలాసార్లు అసలు దశాంశమే అవసరం లేదు. 36.6 డిగ్రీలను 366 అని పూర్ణాంకంగా దాచి, చూపించేటప్పుడు మధ్యలో చుక్క పెడితే సరిపోతుంది. కిరాణా కొట్టువాళ్లు రూపాయలు, పైసలు విడిగా రాసినట్టే.

స్క్రీన్ బొమ్మే ర్యామ్‌లో పట్టదు

ఇప్పుడు ఒక చిన్న గుణకారం చేద్దాం. స్క్రీన్ 240×240 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 2 బైట్లు. మొత్తం 1,15,200 బైట్లు, అంటే 112.5 కేబీ. వాచ్ ర్యామ్ 64 కేబీ. అంటే ప్రోగ్రామ్ సంగతి తర్వాత, స్క్రీన్ మీద కనిపించే ఒక్క బొమ్మను కూడా ర్యామ్‌లో పూర్తిగా ఉంచలేం.

మరి ఎలా గీస్తున్నారు? ముక్కలు ముక్కలుగా. డిస్‌ప్లే కంట్రోలర్ చిప్‌కు తన సొంత మెమరీ ఉంటుంది, ఒకసారి పంపిన బొమ్మను అదే గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ఎల్‌వీజీఎల్ నాలుగు వరసల బొమ్మను ర్యామ్‌లో తయారు చేసి పంపుతుంది, తర్వాత ఇంకో నాలుగు వరసలు. 240×4 పిక్సెళ్లకు 1,920 బైట్లు. ఒకటి పంపుతుండగా రెండోది తయారు చేయడానికి రెండు బఫర్లు పెట్టుకున్నా 3,840 బైట్లే. 112 కేబీ పనిని 4 కేబీ లోపు ముగించారు.

పైగా మారిన చోట మాత్రమే మళ్లీ గీస్తారు. నిమిషం మారితే ఆ ఒక్క అంకె ఉన్న భాగమే పోతుంది. కొన్ని చవక వాచ్‌లలో స్క్రీన్ స్వైప్ చేసినప్పుడు పైనుంచి కిందికి పరదా దిగినట్టు కనిపించడానికి ఇదే ముఖ్య కారణం. మొత్తం స్క్రీన్ మారాలంటే ముక్కలన్నీ వరసగా వెళ్లాలి కదా.

ఇదే పద్ధతి యాప్‌లకూ వర్తిస్తుంది. ఇన్ఫినీటైమ్‌లో మీరు ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు వెళ్లగానే పాతదాన్ని మెమరీలోంచి పూర్తిగా తీసేస్తారు. ఫోన్‌లో లాగా వెనక పది యాప్‌లు తెరిచి ఉండవు. ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చోవాలి.

ఫాంట్లు, బొమ్మలు: అసలు బరువు ఇక్కడే

వాచ్ ఫేస్ మీద టైమ్ పెద్ద అంకెల్లో ఉంటుంది. ఒక్కో అంకె 40×76 పిక్సెళ్లు అనుకుందాం. అంటే 3,040 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 1 బిట్ చొప్పున దాస్తే 380 బైట్లు. అంచులు నున్నగా కనిపించాలని 4 బిట్లు వాడితే 1,520 బైట్లు.

ఇప్పుడు ఇంగ్లీషు కీబోర్డ్ మీదున్న 95 అక్షరాలన్నీ ఈ సైజులో, 4 బిట్లతో పెట్టారనుకోండి. 1,44,400 బైట్లు. మనకున్న 464 కేబీలో 30 శాతం ఒక్క ఫాంటే తినేస్తుంది. కానీ టైమ్ చూపించడానికి కావాల్సింది 10 అంకెలు, మధ్యలో రెండు చుక్కలు. 1 బిట్‌తో ఆ పదకొండూ పెడితే 4,180 బైట్లు. 144 కేబీ పని 4 కేబీలో అయింది. చూసేవాడికి తేడా దాదాపు కనిపించదు. అందుకే ఇలాంటి వాచ్‌లలో ఫాంట్ అంటే మొత్తం ఫాంట్ ఫైల్ కాదు, "ఈ సైజులో ఈ అక్షరాలు మాత్రమే కావాలి" అని లిస్టు ఇచ్చి కత్తిరించి తెచ్చుకున్న ముక్క.

బొమ్మలకూ ఇదే సూత్రం. పూర్తి స్క్రీన్ వాల్‌పేపర్ అదే 1,15,200 బైట్లు. బొమ్మలో 16 రంగులే వాడితే పిక్సెల్‌కు 4 బిట్లు చాలు. 28,800 బైట్లు, దానితో పాటు చిన్న రంగుల పట్టిక. ఒకే రంగు ఐకాన్ అయితే దాన్ని బొమ్మగా కాకుండా ఫాంట్‌లో ఒక అక్షరంగా పెట్టేస్తారు. బ్యాటరీ, బ్లూటూత్ గుర్తులు చాలా వాచ్‌లలో నిజానికి అక్షరాలే.

అప్పటికీ సరిపోకపోతే ఇన్ఫినీటైమ్ ఇంకో దారి పట్టింది. కొన్ని వాచ్ ఫేస్‌లకు కావాల్సిన ఫాంట్లను, బొమ్మలను బయటి 4 ఎంబీ ఫ్లాష్‌లోకి మార్చింది. అవి లోడ్ చేసుకున్నవాళ్లకే ఆ వాచ్ ఫేస్‌లు పనిచేస్తాయి. ఈ "బయటి ఫ్లాష్" సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ర్యామ్‌లో చిల్లర పొదుపు

ఫ్లాష్ నిండితే ఫీచర్ తీసేయొచ్చు. ర్యామ్ నిండితే వాచ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. అందుకే ర్యామ్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఒక్కో టాస్క్‌కు విడిగా స్టాక్ ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో తెలియక అందరూ ఎక్కువే ఇస్తారు. ఒక టాస్క్ ఇప్పటిదాకా గరిష్ఠంగా ఎంత స్టాక్ వాడింది, ఎంత మిగిలింది అని చెప్పే ఫంక్షన్ అందులోనే ఉంది. వాచ్‌ను బాగా వాడి చూసి, ఆ అంకెకు కొంచెం మార్జిన్ కలిపి మిగతాది వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఈ చిప్‌ల మీద ఫ్రీఆర్‌టీఓఎస్ స్టాక్ సైజును వర్డ్‌లలో లెక్కిస్తుంది. 512 అని రాస్తే 512 బైట్లు కాదు, 2,048 బైట్లు.

తర్వాత స్ట్రక్చర్‌లలో వరస. ఒక బైట్, నాలుగు బైట్లు, మళ్లీ ఒక బైట్ అనే వరసలో మూడు ఫీల్డులు రాస్తే మధ్యలో ఖాళీలు చేరి 12 బైట్లు అవుతుంది. పెద్దది ముందు, చిన్నవి తర్వాత రాస్తే 8 బైట్లు. అదే డేటా, వరస మారింది అంతే. ఇలాంటివి 1,000 దాచుకుంటే 4,000 బైట్లు మిగులు.

డేటాకు ఎంత చోటు నిజంగా కావాలో కూడా ఆలోచించాలి. రోజుకు 1,440 నిమిషాలు. నిమిషానికోసారి స్టెప్స్ దాచాలంటే, 4 బైట్ల చొప్పున 5,760 బైట్లు. కానీ ఒక్క నిమిషంలో 255 అడుగులు దాటి వేసేవాళ్లు మామూలుగా ఉండరు. అందుకే ఒక్క బైట్ చాలు. 1,440 బైట్లతో పని అయిపోతుంది.

పాత పెబుల్ వాచ్‌లకు యాప్‌లు రాసినవాళ్లకు ఈ చిల్లర లెక్కలు బాగా తెలుసు. మొదటి పెబుల్‌లో ఒక యాప్‌కు కోడ్, డేటా అన్నీ కలిపి 24 కేబీ మాత్రమే ఇచ్చేవారు. తర్వాతి పెబుల్ టైమ్‌లో అది 64 కేబీ అయింది. ఆ హద్దులోనే వాళ్లు వేల యాప్‌లు, వాచ్ ఫేస్‌లు తయారు చేశారు.

ఇక తెలుగు డబ్బాల సంగతి

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వద్దాం. చవక బ్యాండ్ ఏది రివ్యూకి వచ్చినా నేను ముందుగా చేసే టెస్ట్ ఒకటుంది: ఫోన్‌కి "స్త్రీ", "లక్ష్మి", "రాష్ట్రం" అని మెసేజ్ పంపి చేతివైపు చూడటం. ఫలితం మూడు రకాలుగా ఉంటుంది. డబ్బాలు రావచ్చు. అక్షరాలు విడివిడిగా, వత్తులు ఊడిపోయి రావచ్చు. లేదా సరిగ్గా రావచ్చు.

డబ్బా అంటే ఫాంట్‌లో ఆ అక్షరం లేదని అర్థం. వత్తులు ఊడిపోయాయంటే అక్షరాలు ఉన్నాయి, కానీ వాటిని కలిపే తెలివి సాఫ్ట్‌వేర్‌లో లేదని అర్థం. ఈ రెండో సమస్యే పెద్దది.

"స్త్రీ" మనకు కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారం. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు, కాబట్టి మొత్తం 18 బైట్లు. "లక్ష్మి"కి 21 బైట్లు. వాచ్‌లో నోటిఫికేషన్‌కు 100 బైట్ల బఫర్ ఉందనుకోండి. ఇంగ్లీషులో 100 అక్షరాలు పడతాయి. తెలుగులో 33 కోడ్‌లు పడి, ఒక బైట్ మిగులుతుంది. ఆ మిగిలిన బైట్‌లోకి తర్వాతి అక్షరం ముక్క వచ్చి చేరితే చివర్లో ఇంకో పిచ్చి గుర్తు.

ఫోన్‌లో ఈ ఆరు కోడ్‌లను ఒక్క ఆకారంగా మార్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఆండ్రాయిడ్ వాడేది అదే. ప్రపంచంలోని లిపులన్నింటికీ పనిచేసేలా తయారైంది. చిన్న డివైస్‌ల కోసం దాన్ని కుదించి బిల్డ్ చేసే ఆప్షన్లు ఉన్నాయి కానీ, ఇప్పటికే నిండిపోయిన 464 కేబీలో దానికీ, దానికి కావాల్సిన ఫాంట్ టేబుళ్లకూ చోటు అడగడం పెద్ద కోరికే.

ఇన్ఫినీటైమ్ మామూలు ఫాంట్‌లో ఇంగ్లీషుతో పాటు రష్యన్ లాంటి భాషలకు వాడే 64 సిరిలిక్ అక్షరాలున్నాయి. వాళ్ల లిపిలో అక్షరాలు పక్కపక్కన పేర్చితే చాలు. బొమ్మలు చేరిస్తే పని పూర్తి. మనకు అలా కుదరదు.

మరి తెలుగు 64 కేబీ వాచ్‌లో అసాధ్యమా? నా లెక్క ప్రకారం కాదు. రెండు దారులు కనిపిస్తున్నాయి.

మొదటి దారి: బొమ్మగా పంపడం. ఫోన్‌లో హార్ఫ్‌బజ్ ఎలాగూ ఉంది. మెసేజ్‌ను ఫోన్‌లోనే గీసి, నలుపు తెలుపు బొమ్మగా వాచ్‌కు పంపొచ్చు. 240×32 పిక్సెళ్ల ఒక లైన్‌కు 1 బిట్ చొప్పున 960 బైట్లు. బ్లూటూత్‌లో ఒక్కో ప్యాకెట్‌లో 244 బైట్లు పడితే, ఒక లైన్‌కు 4 ప్యాకెట్లు. మూడు లైన్ల మెసేజ్ 3 కేబీ లోపే. వాచ్‌కు తెలుగు రానక్కర్లేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు. ఇబ్బంది ఏంటంటే, ప్యాకెట్లు పెరిగితే బ్యాటరీ ఖర్చు పెరుగుతుంది. ఫోన్ యాప్‌ను కూడా మార్చాలి.

రెండో దారి: తెలుగుకు మాత్రమే పనికొచ్చే చిన్న ఇంజిన్. అన్ని లిపులకూ పనిచేయాలనే పట్టు వదిలేస్తే లెక్క చాలా చిన్నదవుతుంది. మన అక్షరం కట్టే పద్ధతి గమనించండి. "స్త్రీ"లో మొదటి హల్లు స, చివరి గుణింతం ఈకారం. ఆ రెండూ కలిసి "సీ" అవుతాయి. మధ్యలో వచ్చిన త, ర రెండూ వత్తులుగా చేరతాయి. అంటే నియమం ఇంతే: గుంపులో మొదటి హల్లుకు చివరి గుణింతం తగిలించు, మిగతా హల్లులను వత్తులుగా గీయి. చిన్నప్పుడు గుణింతాలు, ఒత్తులు విడివిడిగా నేర్చుకున్నాం కదా, సరిగ్గా అదే.

ఇప్పుడు ఎన్ని బొమ్మలు కావాలో చూద్దాం. సుమారు 36 హల్లులు. ఒక్కోదానికి గుణింతాలు, పొల్లుతో కలిపి 14 రూపాలు. అవి 504. వత్తులు 36. అచ్చులు, సున్నా, విసర్గ లాంటివి ఇంకో 20. మొత్తం 560. చిన్న సైజులో ఒక్కోటి సగటున 20×24 పిక్సెళ్లు అనుకుంటే 1 బిట్ చొప్పున 60 బైట్లు. 560 బొమ్మలకు 33,600 బైట్లు. లోపలి ఫ్లాష్‌లో పెడితే 7 శాతం, కొంచెం బరువే. కానీ ఇందాక చెప్పిన బయటి 4 ఎంబీ ఫ్లాష్‌లో పెడితే 1 శాతం కన్నా తక్కువ. లోపల ఉండాల్సింది ఆ నియమం రాసిన చిన్న కోడ్ మాత్రమే.

ఇది మోటు లెక్కే. "కై" లాంటి ఐత్వం కింద కూడా గీత దించుతుంది, అక్కడ వత్తు వస్తే ఒకదానిమీద ఒకటి పడుతుంది. క్ష లాంటివాటికి ప్రత్యేక ఆకారం కావాలి. అలాంటి మినహాయింపులకు ఇంకొన్ని బొమ్మలు, ఇంకొంచెం కోడ్ పడుతుంది. పుస్తకం అచ్చు వేసేంత అందంగా రాదు. కానీ బస్‌లో నిలబడి, అమ్మ పంపిన మెసేజ్ చేతిమీద చదువుకోవడానికి సరిపోతుంది.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, 464 కేబీలో ఏది ఉండాలి, ఏది పోవాలి అనేది టెక్నికల్ నిర్ణయం లాగా కనిపిస్తుంది కానీ, అది ఎవరి కోసం తయారు చేస్తున్నాం అనే నిర్ణయం కూడా. వాల్‌పేపర్ ఒక్కటి 112 కేబీ తింటే ఎవరూ ప్రశ్నించరు. తెలుగు 33 కేబీ అడిగితే "చోటు లేదు" అంటారు. లెక్క తెలిసినవాడు ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోడు. ఇంట్లో ఇంగ్లీషు చదవని పెద్దవాళ్లకు హెల్త్ వాచ్ కొనిచ్చి, "మందులు వేసుకో" అన్న రిమైండర్ డబ్బాలుగా కనిపిస్తే ఆ వాచ్ దేనికి?

మీరే చేసి చూడాలంటే

కోడింగ్ మీద ఆసక్తి ఉంటే వాచ్ కొనకుండానే మొదలుపెట్టొచ్చు. ఇన్ఫినీటైమ్‌కు ఇన్ఫినీసిమ్ అనే సిమ్యులేటర్ ఉంది, కంప్యూటర్‌లోనే వాచ్ స్క్రీన్ నడుస్తుంది. సోర్స్ కోడ్ తెచ్చుకుని బిల్డ్ చేయండి, సైజు అంకెలు రాసుకోండి. బిల్డ్ చేసేటప్పుడు ఏ యాప్‌లు కావాలో ఎంచుకునే వీలుంది. ఒక యాప్ తీసేసి మళ్లీ కొలవండి. ఒక ఫాంట్‌లో అక్షరాల లిస్టు మార్చి మళ్లీ కొలవండి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది ఎంత తగ్గించిందో తెలియదు. కాలేజీ ప్రాజెక్ట్ కోసం ఐడియా వెతుకుతున్నవాళ్లకు పైన చెప్పిన తెలుగు ఇంజిన్ మంచి ఐడియా అని నా అభిప్రాయం.

నిజమైన వాచ్ మీద ప్రయోగం చేసినా భయం తక్కువే. పైన్‌టైమ్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ముందు బయటి ఫ్లాష్‌లోకి దిగుతుంది, తర్వాత ఎంసీయూబూట్ అనే బూట్‌లోడర్ పాతదానితో మార్పిడి చేస్తుంది. కొత్తది బాగుందని మీరు సెట్టింగ్స్‌లో ఓకే చేయకుండా రీస్టార్ట్ చేస్తే పాతది తిరిగి వచ్చేస్తుంది.

కోడింగ్ జోలికి వెళ్లనివాళ్లు కొనేటప్పుడు ఒక్క పని చేయండి. షాపులో డెమో పీస్ ఉంటే మీ ఫోన్‌కి పెయిర్ చేసి, ఫ్రెండ్‌తో "స్త్రీ" అని ఒక మెసేజ్ పెట్టించుకోండి. వాచ్ ఫేస్‌లు 100 ఉన్నాయా 200 ఉన్నాయా అనేదానికన్నా, ఆ ఒక్క అక్షరం ఎలా కనిపించిందో చూస్తే ఆ కంపెనీ తన బైట్లను ఎవరి కోసం ఖర్చు పెట్టిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.